వెల చెప్పని విక్రయశాల

ఒక వస్తువును అమ్మడానికై కట్టిన భవనంలోనే, ఆ వస్తువు బజారునుండి తప్పుకొన్న తరువాత, దానిని భద్రపరచి లోకానికి చూపడం అరుదుగా జరుగుతుంది. అంగడి మూతపడినప్పుడు సాధారణంగా గోడలు మరొకరి చేతికి పోతాయి, సరుకు చెల్లాచెదరవుతుంది, యజమాని పేరు పాత రసీదులలో మిగులుతుంది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఫోర్ట్ వేన్ నగరానికి ఉత్తరంగా ఉన్న ఆబర్న్ అనే చిన్న పట్టణంలో అలా జరుగలేదు. 1930లో ఒక మోటారు కంపెనీవారు తమ ప్రధాన కార్యాలయంగా, విక్రయశాలగా కట్టించుకొన్న మేడ 1974 నుండి ఆ కంపెనీ కార్లకే నిలయమైనది. దాని పేరు ఆబర్న్ కార్డ్ డ్యూసెన్‌బర్గ్ ఆటోమొబైల్ మ్యూజియం. పేరులోని మూడు మాటలూ మూడు తెగల కార్ల పేర్లు. ఆ కంపెనీ కార్ల తయారీ 1937తో ముగిసినది. కార్లు పోయినా వాటిని చూపిన శాల నిలిచినది.

ఫోర్ట్ వేన్‌కు చెందిన ఆల్విన్ స్ట్రాస్ అనే వాస్తుశిల్పి ఆ మేడకు రూపకల్పన చేసినారు. ఆ కాలంలో ఆర్ట్ డెకో అనే శైలి అమెరికా నగరాలలో విరివిగా వ్యాపించి ఉండెను. సూటిగా సాగే గీతలు, కోణాకృతులు, మెట్లు మెట్లుగా పేర్చినట్టుండే అలంకారాలు ఆ శైలి లక్షణాలు. ఈ మేడలో అవన్నీ ఉన్నవి. వీధివైపు పెద్ద అద్దాల కిటికీలు. లోపల రంగురంగుల రాతిముక్కలు పరచి నున్నగా అరగదీసిన మొజాయిక్ వంటి గచ్చు. పైకప్పునుండి వ్రేలాడే దీపగుచ్ఛాలు. పై అంతస్తుకు తీసుకొనిపోయే విశాలమైన మెట్లు. ఆ గచ్చుమీద దూరదూరంగా నిలిపిన కార్లను చూస్తే, సందర్శకునికి మొదట కలిగే భావం భక్తికి దగ్గరగా ఉంటుంది. కట్టించినవారు కోరినదీ అదే. లోపలికి వచ్చిన మనిషి కొంత తగ్గి, బండి కొంత పెరిగి కనిపించాలన్నదే విక్రయశాల రహస్యం. నేడు అక్కడ వెల చెప్పేవారు లేరు. అందువలన ఆ బండ్లను గురించి, వాటిని అమ్మిన కాలంలో చెప్పని మాటలు కూడా చెప్పడానికి వీలు కలిగినది.

బగ్గీలు చేసిన ఊరు

ఈ కథకు మొదలు మోటారులో లేదు, గుర్రపు బండిలో ఉన్నది. చార్లెస్ ఎకార్ట్ అనే బండ్ల పనివాడు 1874లో ఆబర్న్‌లో బగ్గీలు చేసే కంపెనీని స్థాపించినారు. ఆయన కుమారులు ఫ్రాంక్, మోరిస్ అనేవారు 1900లో 2500 డాలర్ల పెట్టుబడితో ఆబర్న్ ఆటోమొబైల్ కంపెనీని ప్రారంభించినారు. 1903లో షికాగో ప్రదర్శనలో వారు చూపిన కారుకు ఒక్కటే సిలిండరు. చక్రం, ఇరుసు, కమాను, తోలు దిండు ఇవన్నీ బగ్గీలు చేసిన చేతులకు తెలిసిన పనులే. యంత్రం ఒక్కటే కొత్తగా నేర్చుకోవలసి వచ్చినది. ఆనాడు అమెరికాలో అనేక చిన్న పట్టణాల బండ్ల పనివారు ఇదే దారి పట్టినారు. వారిలో చాలామంది పేర్లు కొద్ది యేండ్లలోనే మాసిపోయినవి. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ముడిసరుకు దొరకక ఎకార్ట్ సోదరుల కంపెనీ కూడా చిక్కులలో పడినది. 1919లో వారు దానిని షికాగో ధనికులకు అమ్మివేసినారు. కొన్నవారిలో చూయింగ్ గమ్ వ్యాపారంలో పేరు మోసిన విలియం రిగ్లీ ఒకరు. వారివలన కూడా వ్యాపారం బాగుపడలేదు.

పాత సరుకుకు కొత్త రంగు

1924లో ఎరెట్ లోబన్ కార్డ్ అనే ముప్పది యేండ్ల యువకుడు కంపెనీకి మేనేజరుగా వచ్చినారు. అంతకుముందు ఆయన షికాగోలో కార్లు అమ్మి పేరు తెచ్చుకొన్నవారు. ఆయన వచ్చేనాటికి అమ్ముడుపోని కార్లు సుమారు 700 ఆవరణలో నిలిచి ఉన్నవి. వాటి యంత్రాలను మార్చడానికి వ్యవధి లేదు, ధనమూ లేదు. కార్డ్ వాటికి కంటికింపైన రంగులు వేయించి, అక్కడక్కడ నికెలు తళుకు పెట్టించి, అమ్మివేసినారు. లోపలి బండి నిన్నటిదే. కంపెనీ మాత్రం నిలదొక్కుకొన్నది.

ఈ సంఘటనను వ్యాపారదక్షతకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అది నిజమే. కాని తరువాతి కథ అంతా ఆ ఒక్క పాఠం నీడలోనే నడిచినది. రూపం మారితే సరుకు పోతుందని కార్డ్ మొదటి యేటనే గ్రహించినారు. అందుచేత రూపశిల్పులకు ఆయన కంపెనీలో గౌరవం లభించినది. ఆ గౌరవం వలననే ఆ కార్లు నేటికీ చూడదగినవిగా ఉన్నవి. రూపం సిద్ధమైన వేగంతో యంత్రం సిద్ధం కాదన్న సత్యం మాత్రం వెనుకబడినది.

1929లో కార్డ్ తన సంస్థలన్నింటినీ ఒక గొడుగు క్రిందికి తెచ్చినారు. ఇంజన్లు చేసే లైకమింగ్, విమానాలు చేసే స్టిన్సన్ కంపెనీలు కూడా అందులో చేరినవి. అదే సంవత్సరం అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలినది. ఆ మరుసటి యేడు ఆబర్న్ మేడ పూర్తయినది. దేశమంతటా మిల్లులు మూతపడుతున్న రోజులలో దీపగుచ్ఛాలు వెలిగించిన విక్రయశాల ఇది. చిత్రమేమంటే, 1931లో ఆబర్న్ కార్లు అంతకుముందెన్నడూ లేనంతగా, 28 వేలకు పైగా అమ్ముడుపోయినవి. వెల తక్కువ, చూపు ఎక్కువ కావడం వలన ఆ యేడు అవి నెగ్గినవి. ఆ మీదట అమ్మకాలు వేగంగా పడిపోయినవి.

డ్యూసెన్‌బర్గ్ సోదరులు

శాలలో అందరి దృష్టినీ ఆకర్షించే బండ్లు డ్యూసెన్‌బర్గ్‌లు. ఫ్రెడ్, ఆగస్ట్ అనే ఈ సోదరులు జర్మనీలో పుట్టి, బాల్యంలోనే అమెరికాలోని అయోవా రాష్ట్రానికి వచ్చినవారు. ఫ్రెడ్ మొదట సైకిళ్లు చేసి, వాటిపై పందేలలో పాల్గొన్నారు. యంత్రవిద్యను వారు కళాశాలలో నేర్వలేదు. పనిముట్ల నడుమ నేర్చుకొన్నారు. 1921లో వారి కారు ఫ్రాన్సులోని లె మాన్‌లో జరిగిన గ్రాన్ ప్రీ పందెంలో గెలిచినది. దానిని నడిపినది జిమ్మీ మర్ఫీ. నాలుగు చక్రాలకూ ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులు ఆ బండికి ఉండెను. పందెంలో గెలవాలంటే వేగంగా పోవడంతోపాటు మలుపు దగ్గర ఆలస్యంగా, సురక్షితంగా వేగం తగ్గించగలగడం కూడా ముఖ్యమని ఆ విజయం నిరూపించినది. ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలోను 1924, 1925, 1927 సంవత్సరాలలో వారి కార్లే నెగ్గినవి.

పందెం గెలవడం వేరు, బజారు గెలవడం వేరు. సోదరుల వ్యాపారం సాగలేదు. 1926లో కార్డ్ దానిని కొని, లోకంలో ఇంతకంటె గొప్ప కారు లేదనిపించేటట్టు ఒకటి చేయమని ఫ్రెడ్‌ను కోరినారు. 1928 డిసెంబరులో న్యూయార్కులో ప్రదర్శించిన మోడల్ జె ఆ కోరిక ఫలితం. దాని ఇంజనులో వరుసగా ఎనిమిది సిలిండర్లు. మొత్తం పరిమాణం 420 ఘనపుటంగుళాలు. ఒక్కొక్క సిలిండరుకు నాలుగు వాల్వులు. శక్తి 265 అశ్వాలని కంపెనీ ప్రకటించినది. ఆ రోజులలో అమెరికా సామాన్యుడు కొనే ఫోర్డు మోడల్ ఎ శక్తి 40 అశ్వాలు, వెల సుమారు 500 డాలర్లు. డ్యూసెన్‌బర్గ్ చాసిస్ ఒక్కటే 8500 డాలర్లు. అనగా చక్రాలు, ఇంజను, చట్రం మాత్రమే ఆ ధరకు వచ్చేవి. కూర్చునే బాడీకి వేరే చెల్లించుకోవాలి.

చాసిస్ కొని, నచ్చిన పనివారిచేత బాడీ కట్టించుకొనే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. విజయవాడ ఆటోనగరులో లారీల బాడీలు ఎంతో కాలంగా ఇలాగే కడుతున్నారు. డ్యూసెన్‌బర్గ్ కొన్నవారు లండను, పారిస్ నగరాల పనివారివద్దకు కూడా పోయినారు. ఇండోరు మహారాజు యశ్వంతరావు హోల్కరు కోసం ఇండియానాపొలిస్‌లో తయారైన చాసిస్‌పై లండనులో గర్నీ నటింగ్ కంపెనీవారు బాడీ కట్టినారు. ఒక్క కారులో అమెరికా యంత్రం, ఇంగ్లండు పనితనం, హిందూదేశపు ధనం కలిసినవి. ఆ ధనం ఎవరి చెమటనుండి వచ్చినదన్న ప్రశ్న ఆనాటి విక్రయశాలలో అడగరానిది. ప్రదర్శనశాలలో విద్యార్థి అడిగితే ఉపాధ్యాయుడు కాదనరాదు. మోడల్ జె తెగకు చెందిన కార్లు మొత్తం 500 కూడా తయారు కాలేదు. 1932లో ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ తమ కారునే నడుపుతూ ప్రమాదానికి గురియై, ఆ గాయాల వలన మరణించినారు.

నూరు మైళ్ల పలక

1935 నాటి ఆబర్న్ స్పీడ్‌స్టర్ మరొక విధమైన పాఠం. ముందుభాగం పొడవుగా, వెనుకభాగం పడవ కొమ్ములాగ సన్నగా దిగిపోయే ఇద్దరు మనుషుల బండి అది. గోర్డన్ బ్యూరిగ్ అనే రూపశిల్పి, మునుపటి స్పీడ్‌స్టర్లకై చేయించి మిగిలిపోయిన బాడీలను సవరించి దానికి ఆ ఆకృతి కల్పించినారు. కలిమిలో కంటె లేమిలో నేర్పు బాగా తెలుస్తుందనడానికి ఇది నిదర్శనం. వెల 2245 డాలర్లు. ఆబ్ జెంకిన్స్ అనే ప్రసిద్ధ చోదకుడు ఆ సంవత్సరం బాన్‌విల్ ఉప్పు మైదానంలో ఇటువంటి కారును గంటకు 100 మైళ్లకు పైబడిన సగటు వేగంతో 12 గంటలసేపు నడిపినారు.

ఇంతవరకు సత్యం. తరువాత కంపెనీవారు ప్రతి స్పీడ్‌స్టర్‌లోను ఒక చిన్న లోహపు పలక బిగించినారు. ఈ కారును 100 మైళ్లకు మించిన వేగంతో నడిపి చూచినామని జెంకిన్స్ పేరుతో అందులో చెక్కి ఉండేది. ప్రతి బండినీ నిజంగా అట్లు నడిపి చూచినారా అంటే చరిత్రకారులు సందేహిస్తారు. ఆ పలక కూడా నేడు ఒక చారిత్రక వస్తువే. అది బండి వేగానికి ఎంత సాక్ష్యమో, వ్యాపారి వాక్కుకూ అంత సాక్ష్యం. ప్రకటనను ఎలా చదవాలో బాలబాలికలకు చెప్పదలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె చిన్న, ఇంతకంటె మంచి సాధనం దొరకదు.

తొందరపాటు ఫలితం

ఇక మిగిలినవి కార్డ్ పేరుగల బండ్లు. సాధారణపు కారులో ఆనాడు ఇంజను ముందుండి, దాని శక్తి ఒక పొడవైన కడ్డీ ద్వారా వెనుక చక్రాలకు పోయేది. ఆ కడ్డీ నేలక్రింద సాగుతుంది గనుక కారు నేల ఎత్తుగా ఉండాలి. ఎక్కడానికి ఫుట్‌బోర్డు కావాలి. శక్తిని ముందు చక్రాలకే ఇచ్చినచో కడ్డీ అవసరం లేదు, నేల క్రిందికి దిగుతుంది, బండి సొగసు పెరుగుతుంది. 1929లో వచ్చిన కార్డ్ ఎల్ 29 ఈ సూత్రంపై తయారై అమెరికాలో ఎక్కువ సంఖ్యలో అమ్మకానికి వచ్చిన తొలి కార్లలో ఒకటి. ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ కూడా ఒకటి కొన్నారు. కాని ఆ కారులో బరువు వెనుకకు జరిగి ఉండెను. గులకరాళ్ల మిట్ట ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనుకకు ఒరిగి, లాగవలసిన ముందు చక్రాలకు నేలపై పట్టు చాలేది కాదు. సుమారు 5000 కార్ల తరువాత దాని తయారీ ఆగిపోయినది.

ఆ లోపాన్ని సవరించి, 1935 నవంబరులో న్యూయార్కు ప్రదర్శనకు తెచ్చినది కార్డ్ 810. రూపకర్త బ్యూరిగే. ఆబర్న్ మేడలోనే ఆయన బృందం దాని రూపాన్ని మట్టి నమూనాలలో తీర్చిదిద్దినది. ముందువైపు రేడియేటరు జల్లెడ లేదు. దాని బదులు అడ్డంగా సాగిన సన్నని పలకలు ముక్కు చుట్టూ తిరిగి ఉన్నవి. ఫుట్‌బోర్డు లేదు. ముందు దీపాలు పగటిపూట రెక్కలలో దాగి ఉంటాయి. లోపల రెండు ప్రక్కల ఉన్న చేతి పిడులు త్రిప్పితే పైకి లేస్తాయి. స్టిన్సన్ విమానాలకు వాడే దీపాలనే మార్చి ఇందుకు ఉపయోగించినారు. 1951లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల వాహనాలను కళాఖండాలుగా ప్రదర్శించినప్పుడు ఎంపిక చేసిన 8 కార్లలో ఈ తెగకు చెందిన 812 ఒకటి.

ఆ న్యూయార్కు ప్రదర్శన నిబంధన ప్రకారం ఒక కొత్త కారును చూపాలంటే 100 బండ్లు తయారై ఉండాలి. కొన్ని నెలల వ్యవధిలో పనివారు రేయింబవళ్లు శ్రమించి వాటిని చేతితో కూర్చినారు. ప్రదర్శనలో జనం బల్లలెక్కి, ఇతర కార్ల మీదికెక్కి చూచినంతగా ఎగబడినారు. అయితే గేరుపెట్టెలు అప్పటికి సిద్ధం కాలేదు. అందరూ మెచ్చుకొన్న ఆ కార్లు తమంత తాము నడిచి పోలేవు. క్రిస్మస్‌కు కారు ఇస్తామన్న మాట చెల్లక, డబ్బు కట్టినవారికి కంపెనీవారు కంచుతో చేసిన చిన్న బొమ్మకారును పంపవలసి వచ్చినది. అసలు కార్లు 1936లో అందినవి. కొన్నింటి ఇంజను వేడెక్కినది. కొన్నింటి గేరు జారినది. ఇంజనీర్లు ఒక్కొక్క లోపమే సవరించుకొంటూ వచ్చినారు, కాని కొనేవారి నమ్మకం అంతలోనే సడలినది. 1937 వరకు తయారైనవి సుమారు 3000. ఆ ఆగస్టులో ఎరెట్ కార్డ్ తన వాటాలు అమ్మివేసి తప్పుకొన్నారు. కర్మాగారాలు మూతపడినవి. బండి అందం చూచి చప్పట్లు కొట్టినవారు ఎవరి ఇంటికి వారు పోయినారు. పని పోయినది చేతులతో కూర్చినవారికి.

మూతపడిన తరువాత

1938లో డల్లాస్ విన్స్‌లో అనే వ్యాపారి మిగిలిన విడిభాగాలను, మేడను కొని, పాత కార్లకు మరమ్మతులు, విడిభాగాల సరఫరా సాగించినారు. విక్రయశాలకు వైభవం పోయినా బండ్లకు ప్రాణం పోయలేదనలేము. ఒక బోల్టు దొరికినంతకాలం ఒక బండి తిరుగుతుంది. 1952లో ఈ మూడు తెగల కార్లు కలవారు ఒక సంఘంగా యేర్పడినారు. 1956 నుండి ప్రతి సంవత్సరం సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవం సెలవులకు తమ కార్లతో ఆబర్న్‌కు రావడం ఆచారమైనది.

ఊరివారు తమ ఊరి గొప్పతనాన్ని ఈ అతిథుల కళ్లలో చూచుకొన్నారు. పాడుపడుతున్న మేడను రక్షించాలని స్థానికులు పూనుకొని, లాభాపేక్ష లేని సంస్థగా యేర్పడి, 1974 జూలైలో ప్రదర్శనశాలను తెరచినారు. 2005లో అమెరికా ప్రభుత్వం ఈ మేడను, ప్రక్కనే ఉన్న పాత కంపెనీ భవనాలను జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించినది. ఆ ప్రక్క భవనాలలో మరొక కార్ల, లారీల ప్రదర్శనశాల నడుస్తున్నది. ప్రధాన శాలలో నేడు 120కి పైగా కార్లు ఉన్నవి. మేడమీద రూపశిల్పులు పనిచేసిన చోటు కూడా చూపుతారు. వస్తువును దాని పుట్టింటి గోడల నడుమ చూడడంలో ఒక ప్రత్యేకత ఉన్నది. మేడమీద గీత గీసిన బల్లకు, క్రింద గచ్చుమీద నిలిచిన బండికి మధ్య ఉన్నవి కొన్ని మెట్లు మాత్రమే. ఆ మెట్ల మీద తగినంతకాలం నిలువకపోవడమే ఆ కంపెనీ చేసిన పొరపాటని సందర్శకునికి తానుగా తోస్తుంది.

విద్యార్థికి మిగిలేది

పాతకార్ల ప్రదర్శనశాలను ధనవంతుల విలాసాల గుర్తుగా చూచి, పెదవి విరిచి వచ్చేయవచ్చును. తళుకు చూచి మురిసిపోయి కూడా రావచ్చును. రెండూ తొందరపాటు చూపులే. గెలిచిన సంస్థలు తమ చరిత్రను తాము వ్రాయించుకొంటాయి. అందులో లోపాలకు చోటు తక్కువ. ఓడిన సంస్థ చరిత్రను వ్రాసేది దాని ఊరు, దాని పనివారి సంతానం, దాని వస్తువును ప్రేమించినవారు. వారికి అమ్మవలసినది ఏమీ లేదు. కనుక గేరుపెట్టె లేని 100 కార్ల కథను, కంచు బొమ్మల కథను, మిట్ట ఎక్కలేని చక్రాల కథను దాచవలసిన అవసరమూ లేదు.

బరువు ఎటు ఒరిగితే పట్టు ఎటు పోతుందో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఎల్ 29 ప్రక్కన నిలబడి చెప్పవచ్చును. 500 డాలర్ల బండికీ, 8500 డాలర్ల చట్రానికీ నడుమనున్న దూరాన్ని సాంఘికశాస్త్రం చెప్పేవారు కొలిచి చూపవచ్చును. భాష చెప్పేవారికి ఆ లోహపు పలక ఉన్నది. ఇన్ని విషయాలు ఒక్క గదిలో దొరకడం, ఆ గదిని కట్టించినవారు తలపెట్టని మేలు.

తెలుగుదేశంలో దేవుని రథం యేడాదంతా రథశాలలో ఉండి, తిరునాళ్లనాడు వీధిలోకి వస్తుంది. ఊరివారందరూ పగ్గం పట్టుకొంటారు. ఆబర్న్‌లోను సెప్టెంబరు సెలవులకు పాత కార్లు బారులు తీరి వీధులలో నడుస్తాయి. వాటిలో కొన్ని తొంబది యేండ్లు దాటినవి. న్యూయార్కు ప్రదర్శననాడు కదలలేక నిలిచిన కార్డ్ తెగ బండ్లు కూడా ఆ వరుసలో సొంత ఇంజనుతో ముందుకు సాగుతాయి. వాటిని కదిలేటట్టు చేసినవారు, ఆనాటి ప్రకటనలు వ్రాసినవారు కారు. తరువాతి కాలంలో ఓపికగా గేరును విప్పి, అరిగిన పన్ను మార్చి, మరల బిగించిన మరమ్మతు పనివారు.